పదకొండో పూస కింద

పోయిన వారం అతుకులమ్మని ఆస్పత్రి మూడో అంతస్తు వరండాలో, చేతిలో వదిన రిపోర్టుతో నిలబెట్టి వదిలేశాం. వారం రోజులు నిలబడితే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి కాబట్టి ఆమెని త్వరగా లోపలికి పంపిద్దాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు.

అతుకులమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. స్కానింగ్ యంత్రం నిలువెత్తు మనిషిని ఒకేసారి చూడలేదు. తల ఒకటి, మెడ ఒకటి, ఛాతీ ఒకటి, ఇలా పాదాల దాకా ఆరు ముక్కలుగా తీస్తుంది. ఆ ఆరింటినీ కలిపి ఒకే మనిషి బొమ్మగా చేసే సాఫ్ట్‌వేర్ రాసింది ఈమె. అందుకని కంపెనీలో ఆ పేరు పడిపోయింది. ఎవరైనా అలా పిలిస్తే పైకి విసుక్కుంటుంది, లోపల మురిసిపోతుంది.

వదిన అంటే ఆమె భర్తకి అక్క. సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మూడు నెలలుగా వీపు కింది భాగంలో ఒకే చోట నొప్పి. సీటు వల్ల అని డిపో డాక్టరు, వయసు వల్ల అని తమ్ముడు, మొండితనం వల్ల అని ఇంట్లో మిగతా అందరూ తేల్చేశారు. అతుకులమ్మే పట్టుబట్టి, తన సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న ఈ ఆస్పత్రిలో నెత్తి నుంచి పాదాల దాకా స్కాన్ చేయించింది. రిపోర్టు శుభ్రంగా వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. చివర్లో, ఎవరూ చదవని చోట, ఒక్క వాక్యం ఉంది. ఛాతీ వెనక వెన్నుపూసలు పన్నెండుకు బదులు పదకొండే ఉన్నాయి, ఇది పుట్టుకతో వచ్చిన తేడా, దీనివల్ల ఇబ్బంది లేదు.

ఆ వాక్యం చదివి అతుకులమ్మ మొదట నవ్వింది. "మీ అక్కకి పూస తక్కువైనా పొగరు తక్కువ కాలేదు" అని మొగుడితో అంది కూడా. ఆ తర్వాతే, బొమ్మ అడుగున సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసే కొలత ఆమె కంట పడింది. నెత్తి నుంచి మడమ దాకా నూట అరవై ఒక్క సెంటీమీటర్లు. అతుకులమ్మ ఎత్తు కూడా సరిగ్గా అంతే. వదినేమో ఆమె కన్నా రెండు వేళ్ళు పైనే ఉంటుంది. పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో వంటింటి పై అరలో డబ్బాలు వదిన ఇంటికొచ్చినప్పుడే కిందికి దిగాయి.

మనిషి ఇంట్లో ఒక ఎత్తు, బొమ్మలో ఒక ఎత్తు ఎలా ఉంటుంది? పోయిన వారం మనం ఆగింది ఆ ప్రశ్న దగ్గరే. ఇక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళవచ్చు.

స్కానింగ్ గదికి ముందు ఒక చిన్న గది. మధ్యలో మందపాటి గాజు, దానికి అవతల యంత్రం, ఇవతల రెండు కంప్యూటర్లు, చెయ్యి విరిగితే ప్లాస్టరు చుట్టిన కుర్చీ. బల్ల మీద ప్లాస్టిక్ ట్రేలో రోగుల వాచీలు, తాళాలు, కళ్ళజోళ్ళు. శనివారం, పదిన్నర. బయట బెంచీల మీద పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఈ గదికి యజమాని లాంటి టెక్నీషియన్‌కి యాభై దాటాయి. ఆస్పత్రిలో ఆయన్ని రెండ్నిమిషాలాయన అంటారు. ఎవరేం అడిగినా ఆయన మొదటి జవాబు అదే కాబట్టి.

"కూర్చోండి మేడం, రెండే రెండు నిమిషాలు" అన్నాడు. ఆయన మాత్రం కూర్చోలేదు.

అతుకులమ్మ కూడా కూర్చోలేదు. రిపోర్టు బల్ల మీద పెట్టింది. "మూడు వారాల కిందట ఈవిడకి స్కాన్ చేసింది మీరేనా?"

ఆయన పేరు చూసి నవ్వాడు. "డ్రైవరమ్మ కదా! మర్చిపోతానా? యంత్రంలోకి వెళ్తూ, దీనికి హారన్ లేదా అని అడిగింది."

"మధ్యలో లేచిందా?"

ఆయన బల్ల మీద పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు. "లేవడమంటే..."

"లేచిందా, లేదా?"

"నడుం పట్టేసింది బాబూ, ప్రాణం పోతోంది అంది. మూడో ముక్క అయిపోయింది అప్పటికి. దింపాను. కాసేపు నిలబడింది, ఒళ్ళు విరుచుకుంది, మళ్ళీ పడుకుంది. మిగతా మూడూ తీసేశాను. దానికేంటి?"

"రోగి కదిలారు అని స్క్రీన్ మీద ఒక బటన్ ఉంటుంది. ఎర్రది. అది నొక్కారా?"

రెండ్నిమిషాలాయన ఆమె వైపు అదోలా చూశాడు. "అది నొక్కితే ఏమవుతుందో మీకు తెలీదా? పెట్టింది మీరే కదా."

ఆమెకి తెలుసు. అది నొక్కితే అప్పటిదాకా తీసిన ముక్కలన్నీ పోతాయి. మళ్ళీ తల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. రెండేళ్ళ కిందట, చల్లటి ఆఫీసులో కూర్చుని, ఏ పొరపాటుకీ చోటు ఉండకూడదని ఆమే ఆ నిబంధన రాసింది. రాసినందుకు మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకున్న వాళ్ళెవరూ ఈ గదిలో ఒక్క పూట గడిపిన వాళ్ళు కాదు.

"తెలుసు. అయినా నొక్కాలి. అందుకే పెట్టాను."

"నొక్కాలా?" ఆయన గొంతు పెరిగింది. "నొప్పితో మెలికలు తిరిగే మనిషిని మళ్ళీ నలభై నిమిషాలు ఆ గొట్టంలో పెట్టాలా? బయట చూశారా ఎంతమంది ఉన్నారో? పొద్దున ఆరింటి నుంచి ఏమీ తినకుండా కూర్చున్నారు. ఆవిడ ముఖం చూసి ఉంటే మీరు నొక్కేవారా? చెప్పండి మేడం."

అతుకులమ్మ తలుపు సందులోంచి బెంచీల వైపు చూసింది.

"నేనొక్కణ్ణే కాదు. ఎవరూ నొక్కరు. కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజు నేర్పేదే అది, ఆ ఎర్రదాని జోలికి పోవద్దని. మనిషి లేచినా మీ సాఫ్ట్‌వేర్ కలిపేస్తుంది. ఎంత బాగా కలుపుతుందో! ఇదివరకు ముక్కకీ ముక్కకీ మధ్య అడ్డంగా గీత కనిపించేది. ఇప్పుడు అతుకు ఎక్కడుందో పట్టుకోమనండి చూద్దాం, ఎవరి తరమూ కాదు."

పొగడ్త తిట్టులా తగలడం అతుకులమ్మకి ఆ రోజే తెలిసింది. ఆ గీత తీసేసింది ఆమే. బొమ్మ చూస్తుంటే చిరాగ్గా ఉంది, గీతలు అడ్డం వస్తున్నాయి అని డాక్టర్లు అడిగితే, ఆరు నెలలు కష్టపడి ఆనవాలు లేకుండా చేసింది. ఇక్కడ ముక్కలు కలిశాయి సుమా అని చెప్పే గుర్తు అదొక్కటే అని ఆ ఆరు నెలల్లో ఆమెకి ఒక్కసారీ తట్టలేదు. సిగ్గుగా అనిపించింది. చాలా సిగ్గుగా అనిపించింది.

"వదినవి ఆరు ముక్కలూ విడివిడిగా తెరవండి" అంది.

"ఎందుకూ? పెద్ద డాక్టరుగారు కూడా తెరవరు. కలిపిన బొమ్మే చూసి రాస్తారు."

"తెరవండి."

తెరిచాడు. ఎడమ స్క్రీన్‌లో మొదటి మూడు ముక్కలు ఒకదాని కింద ఒకటి, కుడి స్క్రీన్‌లో నాలుగోది. అతుకులమ్మ పై నుంచి పూసలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"వేలు పెట్టకండి మేడం, అద్దం మీద మరకలు పడతాయి" అని ఆయన పెన్ను అందించాడు.

పెన్ను మూతతో ఒక్కొక్క పూసనీ దాటుకుంటూ వచ్చింది. మెడలో ఏడు. ఆ కింద పక్కటెముకలు అంటుకుని ఉండే ఛాతీ పూసలు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. రిపోర్టు ప్రకారం ఛాతీ పూసలు అక్కడితో అయిపోవాలి. అవలేదు. మూడో ముక్క అట్టడుగున, బొమ్మ మసకబారి వంకరపోయే అంచులో, ఇంకొక పూస ఉంది. దానికి రెండు వైపులా పొట్టి పక్కటెముకలు కూడా ఉన్నాయి.

"పన్నెండు" అన్నాడు రెండ్నిమిషాలాయన నెమ్మదిగా.

"నాలుగో ముక్కలో చూడండి. పైన మొదటి పూసకి పక్కటెముకలున్నాయా?"

ఆయన వంగి చూశాడు. లేవు. అది నడుము పూస. నాలుగో ముక్క పన్నెండో పూసని దాటిపోయి మొదలైంది. లేచి మళ్ళీ పడుకున్నప్పుడు వదిన మూడు సెంటీమీటర్లు పైకి జరిగి పడుకుంది. బల్ల ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, మనిషే ఉండాల్సిన చోట లేదు. రెండు ముక్కల్లోనూ ఉమ్మడిగా ఉండే చోటు కోసం సాఫ్ట్‌వేర్ వెతికింది. వెన్నుపూసలు ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి, ఎవరు పెద్దో ఎవరు చిన్నో దానికేం తెలుసు? నాలుగో ముక్కలో మొదటి పూసని తెచ్చి మూడో ముక్కలో చివరి పూస మీద పెట్టేసింది. అంచు మసగ్గా ఉంది కాబట్టి కింద ఉన్నదాన్ని చెరిపేసింది. అతుకు కనిపించకుండా రంగు సర్దింది.

"మరి పుట్టుకతో లేదని రాశారే పెద్ద డాక్టరుగారు!"

"బొమ్మలో లేదు కాబట్టి ఒంట్లోనూ లేదనుకున్నారు. నేనూ అనుకున్నాను. నవ్వాను కూడా."

"అంటే తప్పు నాదంటారు. నా ఉద్యోగం మీదకి వస్తుందిప్పుడు."

ఆమె నిజానికి ఆ మాట అనడానికే మెట్లెక్కి వచ్చింది. టెక్నీషియన్ నిర్లక్ష్యం అని మనసులో ఉత్తరం కూడా రాసేసుకుంది. ఇప్పుడు ఆ ఉత్తరం ఎవరికి రాయాలో తెలియడం లేదు.

"మీరు నొక్కలేదు. నొక్కలేని బటన్ నేను పెట్టాను. ఆ పంచాయితీ తర్వాత చేసుకుందాం. వదినకి నొప్పి ఎక్కడో తెలుసా మీకు? రోజూ ఆమె వీపుకి మందు రాసేది నేనే. సరిగ్గా అక్కడే" అని పెన్ను మూతని మసక అంచు మీద పెట్టింది. "దీన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

రెండ్నిమిషాలాయన ప్లాస్టరు చుట్టిన కుర్చీలో కూర్చున్నాడు. "ఆవిడ ఎక్కడున్నారిప్పుడు?"

వదిన అదే ఆస్పత్రిలో, కింది అంతస్తులో ఉంది. బస్సు నడపడానికి పనికొస్తుందని పెద్ద డాక్టరు సంతకం పెట్టాలి. ఆ కాయితం డిపోలో ఇస్తే మధ్యాహ్నం రెండు గంటల బండి ఆమెదే. అతుకులమ్మ ఫోన్ చేసింది.

"వదినా, ఒకసారి పైకి రండి. స్కానింగ్ గదికి."

"రాను. నా ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు. లేచానంటే వరస పోతుంది."

"సంతకం తర్వాత పెట్టించుకుందురు గానీ. రండి."

"మూడు వారాలైంది అమ్మాయ్ స్టీరింగు పట్టుకుని. మీ ఇంట్లో కూర్చుంటే మీ ఆయన నాకు ఉప్పు తినకూడదనీ నడవకూడదనీ క్లాసులు పీకుతున్నాడు. వాడికి నేను అక్షరాలు దిద్దించాను, తెలుసా?"

"వదినా." అతుకులమ్మ స్క్రీన్ మీది మసక అంచు వైపు చూసింది. "నా కోసం రండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "వస్తున్నా" అని ఫోన్ పెట్టేసింది.

బయట తర్వాతి వరస ఒక పెద్దాయనది. రెండ్నిమిషాలాయన వెళ్ళి చేతులు జోడించి ఏదో చెప్పాడు. బెంచీల మీద గొణుగుడు మొదలైంది. ఎవరికో పలుకుబడి ఉన్నట్టుందని ఒకావిడ అందరికీ వినపడేలా అంది. ఆయన విననట్టు తలుపు మూశాడు.

వదిన ఒక చేత్తో గోడ పట్టుకుని వచ్చింది. ఎత్తుగా, వెడల్పు భుజాలతో, మొహం నిండా చిరాకుతో. అతుకులమ్మ చెప్పాల్సింది సూటిగానే చెప్పింది. ముక్కలు కలిపేటప్పుడు ఒక పూస తప్పిపోయిందని, దాన్ని ఎవరూ చూడకుండానే రిపోర్టు రాశారని.

"తప్పిపోవడమేంటి, తిరనాళ్ళలో పిల్లాడా?" అంది వదిన. తర్వాత ఏదో గుర్తొచ్చి నుదురు కొట్టుకుంది. "అంటే నాకు పన్నెండూ ఉన్నాయా? అందరికన్నా ఒకటి తక్కువతోనే ఇన్నేళ్ళు బండి నడిపానని డిపోలో గొప్పలు చెప్పుకున్నానే! పరువు తీశావు కదే."

ఎవరూ నవ్వలేదు. వదిన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"తప్పు నీ సాఫ్ట్‌వేర్‌దా?"

"అవును వదినా. నాదే."

వదిన చెయ్యి చాపి ట్రేని దగ్గరికి లాక్కుంది. వాచీ విప్పింది, బొడ్లో దోపుకున్న తాళాలు తీసింది, ట్రేలో పెట్టింది. "సరే తీయండి. పన్నెండింటికల్లా వదిలేయాలి నన్ను. సంతకం పెట్టించుకుని, తిని, డిపోకి వెళ్ళాలి."

ఈసారి ముక్కలు లేవు, కలపడం లేదు. పన్నెండో పూసని సరిగ్గా మధ్యలో పెట్టి, దాని చుట్టూ జానెడు మేర మాత్రమే తీయాలి. ఆరు నిమిషాల పని. రెండ్నిమిషాలాయన వదిన మోకాళ్ళ కింద దిండు సర్దాడు, చెవులకి చప్పుడు తగ్గించే మూతలు పెట్టాడు, చేతిలో రబ్బరు బుడ్డి ఉంచాడు. ఏదైనా ఇబ్బంది అయితే అది నొక్కితే చాలు, ఇక్కడ గంట మోగుతుంది. బల్ల మెల్లగా గొట్టంలోకి వెళ్ళింది. గాజులోంచి చూస్తే ఇప్పుడు వదిన పాదాలు, నీలం రంగు మేజోళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

యంత్రం టకటకా కొట్టుకోసాగింది. అతుకులమ్మ స్క్రీన్ వైపే చూస్తూ నిలబడింది. ఆమె డాక్టరు కాదు. జబ్బు పేర్లు ఆమెకి తెలియవు. కానీ ఆరేళ్ళుగా వేల మంది వెన్నెముకలు చూసింది. మామూలు పూస ఎలా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఏమీ ఉండకూడదు, ఏమీ ఉండకూడదు అనుకుంది. తన సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా పరవాలేదు, ఆ తప్పు కింద దాగింది మామూలు పూసే అయితే చాలు. రెండు గంటల బండి వదినకి దొరికితే చాలు.

మొదటి బొమ్మ వచ్చింది. పదకొండో పూస, బూడిద రంగు. కింద నడుము పూస, అదే బూడిద రంగు. వాటి మధ్య ఉన్నది ఆ రంగులో లేదు. ముందు సగం కుంగిపోయి, పూస ఒక పక్కకి ఒరిగినట్టుంది. వెనక అంచు ఉబ్బి వెన్నుపాము మీదకి వచ్చింది. తిన్నగా దిగాల్సిన వెన్నుపాము అక్కడ నొక్కుకుపోయి సన్నబడింది.

ఆమె రెండ్నిమిషాలాయన వైపు చూసింది. బొమ్మలో ఏముందో టెక్నీషియన్లు ఎవరికీ చెప్పకూడదు. ఆయన చెప్పలేదు. రెండో బొమ్మ చూశాడు, మూడోది చూశాడు. మిగతావి రాకుండానే యంత్రం ఆపేశాడు. బల్లని మాత్రం బయటికి లాగలేదు.

గదిలో శబ్దం పోయింది. స్పీకరులోంచి వదిన గొంతు వచ్చింది. "అయిపోయిందా? లేచేదా?"

ఆయన మైకు మీట నొక్కాడు. "వద్దమ్మా. లేవకండి. కాళ్ళు కూడా కదపకండి. మేమే వచ్చి జాగ్రత్తగా దింపుతాం."

"ఎందుకట?"

ఆయన ఫోన్ అందుకున్నాడు. "పెద్ద డాక్టరుగారిని పిలవండి. పక్కన ఎవరున్నా సరే పిలవండి... సార్, డ్రైవరమ్మ కాయితం మీద సంతకం పెట్టారా? పెట్టకండి. పైకి రండి. గట్టి పలక ఉన్న స్ట్రెచరు ఒకటి పంపించండి, నలుగురు మనుషులు కావాలి." గొంతు తగ్గించి ఇంకేదో చెప్పాడు.

"అమ్మాయ్, ఉన్నావా అక్కడ?" వదిన గొంతు మళ్ళీ వచ్చింది. "ఆయన మాట్లాడడం లేదు. నువ్వు చెప్పు. ఏముంది నా ఒంట్లో?"

రెండ్నిమిషాలాయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు మాట్లాడండి మేడం. భయపెట్టకండి. లేవనివ్వకండి, అంతే."

అతుకులమ్మ మైకు ముందుకి వంగింది. మీట నొక్కబోతూ గాజులోంచి చూసింది. కుడి పాదం మేజోడు కొద్దిగా కదిలింది, బొటనవేలు పైకి లేచి దిగింది.

"వదినా, ఉన్నాను. ఇక్కడే ఉన్నాను. డాక్టరుగారు వస్తున్నారు. అప్పటిదాకా కాళ్ళు కదపకండి. ఆ కుడి కాలి వేళ్ళు కూడా కదపొద్దు, నాకు కనిపిస్తున్నాయి."

అవతల ఊపిరి తీసి వదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత వదిన మాట్లాడింది. ఈ తొమ్మిదేళ్ళలో ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడగా అతుకులమ్మ వినలేదు.

"అమ్మాయ్, నేను కదుపుదామనుకున్నది ఎడమ కాలు."